మహేలా కోసం మాంటెవిడియోకి

మహేలాని మొదటిసారి చూసిన రోజున ఆమె వీపు మీద నేను రాసిన అక్షరాలున్నాయి.

బ్రెజిల్‌లోని బెలెం రేవులో నేను పడవలకు పేర్లు రాసేవాణ్ణి. మా నది మీద తిరిగే ప్రతి చెక్క పడవకీ పేరుండాలి, ఆ పేరు అల్లంత దూరం నుంచే వయ్యారంగా కనబడాలి. ఆ మధ్యాహ్నం "దోనా ఇరాసీ" అనే పడవకి ఎర్ర అక్షరాలు రాసి, నీలం నీడలు దిద్ది, బ్రష్షు కడుక్కుంటున్నాను. రోజూ మూడింటికి పడే మా ఊరి వాన దిగింది. ఎక్కణ్ణుంచో ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చి, పడవ చూరు కింద నిలబడి, హాయిగా నా అక్షరాలకి జారబడింది.

"ఏమండీ, అది తడి రంగు," అన్నాను.

అర్థం కాలేదు. నవ్వి, ఇంకాస్త ఆనుకుంది.

"రంగండీ, రంగు," అని బ్రష్షు చూపించాను.

గభాల్న ఇటు తిరిగి చూసింది. చెక్క మీద "ఇరాసీ" ఉండాల్సిన చోట ఎర్రటి మరక. ఆ పేరు కాస్తా ఆమె తెల్ల చొక్కా మీద తిరగబడి అచ్చుపడింది. చెడకుండా మిగిలిన సగం వైపు కాసేపు చూసి, "ఎస్కిసీతో," అంది నెమ్మదిగా.

మా పోర్చుగీసులో ఆ మాటకి వింతగా, వికారంగా ఉందని అర్థం.

"మూడు రోజుల పని పాడు చేసింది మీరు. పైగా వికారంగా ఉందంటారా?"

"అవునవును, చాలా ఎస్కిసీతో," అంది ఆమె, కళ్లింతలు చేసుకుని.

పక్క పడవలో చేపలు తోముతున్న వంటవాడు పడీపడీ నవ్వాడు. "ఒరే పిపోకా, వాళ్ల స్పానిషులో ఆ మాటకి అద్భుతమని అర్థంరా. ఆ పిల్ల నిన్ను పొగుడుతోంది, నువ్వేమో పోట్లాడుతున్నావు."

పిపోకా అంటే పేలాలు. చిన్నప్పట్నుంచీ ఒక్కచోట నిలవనని రేవంతా నన్నలాగే పిలిచేది. అసలు పేరు దొరివాల్.

ఆమెది ఉరుగ్వే, మాంటెవిడియోలో స్కూల్ టీచరు. సెలవులకి మా ఊరు చూడ్డానికి వచ్చింది. మరక చెరిపి మళ్లీ రాస్తుంటే పక్కన కూర్చుని చూసింది.

"రేపు ఎన్నింటికి రమ్మంటారు?"

"వాన వెలిశాక రండి."

"వాన ఎప్పుడు వెలుస్తుందో నాకెలా తెలుస్తుంది?"

"మా వాన మీ చేతి గడియారం కన్నా నిక్కచ్చి మనిషి. మీరు రండి చాలు."

పది రోజులు వచ్చింది. పదో రోజుకి మేం "మీరు" నుంచి "నువ్వు"కి దిగాం. తర్వాత ఏడాది పాటు ఉత్తరాలు. ఆమె రాలేదు. తల్లి పోయింది, తండ్రి దోన్ మిల్టన్ గుండె జబ్బు మనిషి, ఇంట్లో ఒక్కడు. నాకేముంది, బ్రష్షుల పెట్టె పట్టుకుంటే ఎక్కడైనా బతుకుతాననుకున్నాను. అయిదు రోజులు బస్సులు మారి, అక్కడ చలికాలమైన జూలై నెలలో, గడ్డకట్టే చలిలో మాంటెవిడియోలో దిగాను.

బస్టాండులో మహేలా నా చొక్కా చూసి, తన కోటు విప్పి నా మీద కప్పింది. "పొట్టి చేతుల చొక్కాతో వచ్చావా పిచ్చివాడా?"

"నాకున్నవన్నీ ఇవే," అన్నాను, పళ్లు టకటకలాడుతుంటే.

పోర్చుగీసు, స్పానిషు అక్కచెల్లెళ్లు. ఒకేలా ఉంటారు గనకే ఒకరనుకుని ఇంకొకరిని పలకరిస్తాం. గుర్తింపు కార్డు ఆఫీసులో కాగితం మీద "అపెల్లీదో" అని ఒక గడి ఉంది. మా దగ్గర అలాంటి మాటకి ముద్దుపేరని అర్థం. ఈ దేశం వాళ్లెంత మర్యాదస్తులు, ముద్దుపేరు కూడా అడుగుతున్నారనుకుని "పిపోకా" అని రాసిచ్చాను. వాళ్లడిగింది ఇంటిపేరట. ఆ కార్డు చూసి దోన్ మిల్టన్ మొదటిసారి నాతో నవ్వాడు.

"రండి, పేలాల వారి అబ్బాయిగారూ. కూర్చోండి."

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆయన ఆప్యాయంగా మాతే అనే వాళ్ల ఆకు కషాయం కలిపి చేతికిస్తే, టీ కలిపినట్టు గొట్టంతో గిరగిరా తిప్పాను. గదిలో ఎవరో తుపాకి పేల్చినట్టు ఆయన ఉలిక్కిపడ్డాడు. మహేలా బల్ల కింద నా కాలు తొక్కింది.

"ఆ గొట్టం కదపకూడదు. తాగి తిరిగివ్వాలి, అంతే," అంది తర్వాత.

"ముందే చెప్పొచ్చుగా?"

"ఊపిరి పీల్చుకోమని ఎవరైనా ముందే చెబుతారా?"

అదే నా కష్టం. అక్కడ అందరికీ ఊపిరంత సహజమైనది నేను నేర్చుకోవాల్సి వచ్చేది. మరో రోజు నాలుగింటికి సినిమాహాలు దగ్గర కలుద్దామంది. వాన పట్టింది. వెలిశాక వెళ్దామని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆ వాన మూడు రోజులకి గాని వెలవలేదు. మహేలా మాత్రం రెండు గంటలు నిలబడి, తడిసి ముద్దై ఇంటికొచ్చింది.

"నీ వానకి గడియారం ఉంటే ఉండొచ్చు, మా వానకి లేదు. నాకు మాత్రం ఉంది," అంది. రెండు రోజులు మాట్లాడలేదు.

అక్కడి పడవలకి పేర్లు నల్లగా, పొట్టిగా, అచ్చు వేసినట్టుండేవి. వయ్యారం ఎవరికీ అక్కర్లేదు. నేను గిడ్డంగి గోడలకి తెల్ల రంగు వేసేవాణ్ణి, తెలుపు మీద తెలుపు. రెండో చలికాలం వచ్చేసరికి నాలో పేలాలు పేలడం మానేశాయి.

అప్పుడు మా అన్న ఫోన్ చేశాడు. పండగకి పన్నెండు పడవలు రంగులు మార్చుకుంటున్నాయి, రమ్మన్నాడు. ఆ ఆదివారం సముద్రం ఒడ్డున గోడ మీద కూర్చుని మహేలాతో చెప్పాను.

"వెళ్లిపోదామనుకుంటున్నాను."

"వెళ్లిపోదామంటే, ఎంతమంది?"

"నేనొక్కణ్ణే. నువ్వు మీ నాన్నని వదిలి రాలేవుగా."

"నన్ను అడిగావా?"

"అడిగి నిన్ను ఇబ్బంది పెట్టడమెందుకని..."

"ఇక్కడికి రావడం నువ్వే నిర్ణయించావు. నోరు మూసుకుని బాధపడటం నువ్వే నిర్ణయించావు. ఇప్పుడు వెళ్లడమూ నువ్వే. నేనెక్కడున్నాను దొరివాల్ ఇందులో?"

ఆమె లేచి ఇంటివైపు నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. వంటింట్లో దోన్ మిల్టన్ మా మొహాలు చూసి కుర్చీలు చూపించాడు. విషయం మహేలా చెప్పింది.

ఆయన అంతా విన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"దీని అమ్మది పరాగ్వే. నాకోసమే వచ్చింది. ఇంట్లో ఆ గ్వారనీ భాష వద్దన్నాను, పిల్లని స్కూల్లో ఏడిపిస్తారని. ముప్ఫై ఏళ్లు నా భాషే మాట్లాడింది. జబ్బుపడ్డాక ఆఖరి నెలలో అదంతా మర్చిపోయింది. 'ఎజూ, ఎజూ' అనేది. నీళ్లేమో అనుకుని నీళ్లు తెచ్చాను. దుప్పటి తెచ్చాను. కిటికీ తెరిచాను. ఆమె పోయాక, ఓడ దిగిన పరాగ్వే వాణ్ణొకణ్ణి అడిగాను. 'ఎజూ' అంటే 'రా' అనటయ్యా."

మహేలాకి ఇది తెలియదు. తండ్రి చెయ్యి పట్టుకుంది.

"ఆమె దగ్గరికి రమ్మంటుంటే నేను ఏదో తేవడానికి లేచి వెళ్తూనే ఉన్నాను," అన్నాడాయన. "నువ్వూ వెళ్లమ్మా. ఒక ఏడాదైనా వెళ్లు. వీడి ఊళ్లో పరాయిదానిగా ఉండి చూడు. నా గుండెని పక్కింటి నర్సు చూసుకుంటుంది, నేను కూడా కాస్త చూసుకుంటాను."

స్కూలుకి ఏడాది సెలవు పెట్టి మహేలా నాతో బెలెం వచ్చింది.

అక్కడ నేను మళ్లీ పిపోకానయ్యాను. మహేలాకి మాత్రం ఒళ్లంతా చెమటపొక్కులు. ఉయ్యాల మంచంలో పడుకుంటే నడుం పట్టేసేది. పుస్తకాలకి బూజు పట్టింది. మా అమ్మ వండిన చేప తిని "ఎస్కిసీతో" అనబోయి, నాలుక కరుచుకుని, రెండు చేతులతో దణ్ణం పెట్టింది. ఒక్కసారి కూడా బాగోలేదని అనలేదు. నాకెందుకో మాంటెవిడియోలో నేనే గుర్తొచ్చేవాణ్ణి.

ఒకరోజు బజారుకి వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే రేవు చివర మెట్ల మీద కూర్చుని ఉంది. సంచీ ఖాళీ. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది?"

"ఒక ముసలి జంట కనబడ్డారు. మా ఊరివాళ్లు, మా యాసే. వాళ్ల వెనకాలే బజారంతా తిరిగాను."

"పలకరించావా?"

"లేదు. ఊరికే విన్నాను. ఏం మాట్లాడుకున్నారో తెలుసా? హోటల్లో తువ్వాళ్లు పలచగా ఉన్నాయని. అరగంట సేపు తువ్వాళ్ల గురించి విన్నాను దొరివాల్, ఏడుపొచ్చింది."

పక్కన కూర్చున్నాను. "మీ రేవులో ఒక బ్రెజిల్ ఓడ ఆగేది. దాని వంటవాడితో మా భాషలో తిట్టించుకోవడానికని రోజూ దారికడ్డంగా నిలబడేవాణ్ణి. నీకు చెప్పలేదు."

ఆమె మొదట నవ్వింది. తర్వాత నా భుజం మీద తల పెట్టుకుంది. నదిలో పడవలు ఒక్కొక్కటే కదులుతున్నాయి.

"పెళ్లి చేసుకుందామా?" అంది.

"ఏ ఊళ్లో కాపురం?" అన్నాను.

"ఏ ఊళ్లో ఉన్నా మనిద్దరిలో ఒకరికి బెంగ తప్పదు. వంతులు వేసుకుందాం. కాకపోతే ఒక షరతు. బెంగపడే వంతు ఎవరిదైనా సరే, అది దాచకుండా రెండోవాళ్లకి చెప్పాలి."

దోన్ మిల్టన్‌కి ఫోన్ చేస్తే, వచ్చీరాని పోర్చుగీసులో మమ్మల్ని దీవించాడు. మూడు తప్పులున్నాయి. ఒక్కటీ దిద్దలేదు.

ఇది జరిగి ఇరవై రెండేళ్లయింది. ఈ ఏడు మాంటెవిడియోలో ఉన్నాం, బెంగపడే వంతు నాది. పొద్దున్నే చెప్పాను మహేలాకి, చాలా బెంగగా ఉందని. పొయ్యి మీద నీళ్లు పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, "చెప్పు," అంది.