ఇరవై ఐదో జట్టు

దెయ్యం కథలు చదివేవాళ్ళంటే నాకు ఇప్పటికీ చులకనే. భయం కావాలని కూర్చుని చదువుతారు, చదివాక దీపం ఆర్పడానికి ఇంకొకరిని పిలుస్తారు. కాబట్టి నేను చెప్పేది మీకోసం కాదు. ఒక ముసలామెకు రెండు అబద్ధాలు చెప్పాను. వాటిని ఎక్కడో ఒకచోట దించుకోవాలి.

1962లో నాకు ఇరవై ఆరేళ్ళు. నల్లగొండ పద్మశాలి వాడలో పుట్టాను. మా బాపు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి ముప్ఫై ఏళ్ళు నేశాడు. నేను లెక్కల్లో డిగ్రీ చేసి, కలకత్తాలో ఆరు నెలలు గణాంకాల తర్ఫీదు పొంది, పశువుల వైద్యానికి సంబంధించిన ఒక సర్కారు ఆఫీసులో కుదిరాను. మా ఊరి మాట నా నోట రాకుండా జాగ్రత్తపడేవాణ్ణి. మనుషులంటే నాకు లెక్క లేదు, లెక్కలంటే ప్రాణం. మా డాక్టరుగారికి సగటు అన్న మాట ఒక్కటే తెలుసు, ఎందుకంటే ఆయన స్వయంగా సగటు మనిషి.

ఆ ఏడు గొర్రెలకు ఒక కొత్త టీకా పరీక్షించాల్సి వచ్చింది. ఒక మందకు టీకా వేసి, ఇంకో మందను వదిలేసి, ఎందులో ఎన్ని చచ్చాయో చూద్దామన్నారు డాక్టరుగారు. నాకు నవ్వొచ్చింది. ఒక మందలో గొర్రెలు ఒకే బీడు మేస్తాయి, ఒకే కుంటలో తాగుతాయి, ఒకదాని ముక్కు దగ్గర ఒకటి ముక్కు పెట్టి పడుకుంటాయి. ఒకటి చస్తే పక్కది చస్తుంది. అవి వంద చావులు కావు, ఒకే చావు వందసార్లు. ఆ లెక్కతో టీకా మంచిదో చెడ్డదో ఎవడు చెప్పగలడు?

అందుకని నేను మూడు చోట్ల మూడు మందలు తీసుకున్నాను. కేతేపల్లిలో ఒకటి, దానికి ఆరు మైళ్ళలో ఉన్న పొట్టిబండలో ఒకటి, ఎక్కడో దూరాన యాదగిరిగుట్ట కింద ఒకటి. మందకు ముప్ఫై రెండు చొప్పున తొంభై ఆరు గొర్రెల చెవులకు రేకు బిళ్ళలు కొట్టించాను. కలకత్తా నుంచి తెచ్చుకున్న అంకెల పుస్తకం ఒకటి ఉంది నా దగ్గర. ఒక వరుసా వావీ లేని అంకెలు, పేజీల నిండా. కళ్ళు మూసుకుని వేలు పెట్టి, వచ్చిన అంకెల ప్రకారం నాలుగేసి గొర్రెలను ఒక జట్టుగా రాశాను. మొత్తం ఇరవై నాలుగు జట్లు. ఒక్కో జట్టులో రెండింటికి టీకా, రెండింటికి ఉత్త ఉప్పునీళ్ళు. జట్టులోని గొర్రెలు కొన్ని ఒకదాన్నొకటి చూసి కూడా ఉండవు. ఆ జట్టన్నది నా నోటుపుస్తకంలో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు.

నెలా పది రోజుల్లో పదహారు గొర్రెలు చచ్చినట్టు మూడు ఊళ్ళ నుంచి కార్డులు వచ్చాయి. ఎనిమిది టీకా వేసినవి, ఎనిమిది వేయనివి. టీకా పనికిరాదు. ఆ ముక్క రాసి పడేస్తే సరిపోయేది. కానీ జట్టుకూ జట్టుకూ తేడా ఎంతో చూడటం నాకు నేర్పిన పద్ధతి. చూశాను.

మూడో జట్టు నాలుగూ చచ్చాయి. ఏడోది నాలుగూ. పదకొండోది. పద్దెనిమిదోది. మిగతా ఇరవై జట్లలో ఒక్క గొర్రెకూ దగ్గు కూడా లేదు. తారీకులు చూశాను. ఒక జట్టులోని నాలుగూ ఒకే రోజు చచ్చాయి. ఒకటి కేతేపల్లిలో, ఒకటి గుట్ట కింద, రెండు పొట్టిబండలో. ఒకే రోజు.

యాదృచ్ఛికంగా అలా జరిగే అవకాశమెంతో లెక్క వేశాను. సున్నా, చుక్క, ఆ తర్వాత పదమూడు సున్నాలు వచ్చాయి.

నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. ఎవడో నా పుస్తకం చూసి ఆటలాడుతున్నాడు. పొట్టిబండ మందకాపరి ఐలేశం మొదటి రోజు బస్సు దగ్గర నుంచి నా ట్రంకుపెట్టె మోసుకొచ్చాడు. వాడే అనుకున్నాను. చదువురాని కురుమవాడు పుస్తకం చూసి ఏం చేస్తాడన్న ఆలోచన నాకు రాలేదు. చులకన మనిషిని అంత గుడ్డివాణ్ణి చేస్తుంది.

ఆషాఢంలో ఒక శుక్రవారం, మధ్యాహ్నం మూడు దాటాక పొట్టిబండ చేరాను. ఆకాశం కుండలా మూసుకుపోయి ఉంది. ఐలేశం ఇల్లు మట్టిది. చూరు ఎంత కిందికంటే వంగకపోతే నుదురు పగులుతుంది. లోపల పట్టపగలే చీకటి. తడిసిన గొంగడి వాసన, పెంట వాసన, పొయ్యిలో పొగ వాసన. వాకిలికి ఆనుకునే కంప కట్టిన దొడ్డి. వాన వస్తుందని మందను తొందరగా తోలుకొచ్చాడట. గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి అరుస్తున్నాయి.

ఐలేశం తల్లి బక్కమ్మ గడప పక్కన కూర్చుని ఉన్ని వడుకుతోంది. కళ్ళలో పువ్వు. మనిషి నీడ తప్ప మొహం ఆనదు. కోడలు గోపమ్మ పురిటికి పుట్టింటికి పోయిందట.

"నా పుస్తకం ఎప్పుడు చూశావు?" అన్నాను కూర్చోకుండానే.

"నాకు సదువు రాదు సారూ. సూస్తే మాత్రం ఏం ఎర్కైతది?" అన్నాడు ఐలేశం.

"మరి నేను కాగితం మీద కట్టిన జట్ల ప్రకారం గొర్రెలెలా చస్తున్నాయి?"

వాడికి అర్థం కాలేదు. విసుక్కుంటూ విడమరచి చెప్పాను. వాడు చెప్పులు కూడా లేని తన కాళ్ళ వంక చూస్తూ విన్నాడు. బక్కమ్మ చేతిలో కదురు ఆగింది.

"ఎక్కడెక్కడియో నాలుగిట్ని ఒగ తాడుకు కట్టినవా బిడ్డా?"

"తాడు లేదు. కాగితం."

"కాగితమైతేంది? మంద అన్నంక కాపరి ఉండాలె. నువ్వు గిన్ని మందలు కట్టినవ్, కాపరి లేకుంట ఇడిసిపెట్టినవ్." ఆమె గొంతు తగ్గించింది. "దిక్కులేని మందను జూసి ఎవడో కాపుకొచ్చిండు."

నేను గట్టిగా నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

"సరే, ఇప్పుడే తేల్చేద్దాం" అని పెన్ను తీశాను. కొత్త పేజీ తిప్పి, రాస్తూ పైకి చదివాను. "ఇరవై ఐదో జట్టు. ఒకటి, గుట్ట కింది గొర్రె, బిళ్ళ నంబరు ఎనభై. రెండు, ఈ దొడ్డిలో ఉన్న యాభై ఒకటి. మూడు, ఐలేశం."

"వద్దు సారూ" అన్నాడు వాడు. "నీ కాల్మొక్త, నా పేరు గీకెయ్యి."

"ఎందుకురా భయం? కాగితమే కదా."

"నాలుగోది నీ పేరు రాస్కో మరి" అంది బక్కమ్మ, తల ఎత్తకుండా.

రాసుకున్నాను. వెంకటరాజం. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

వాన మొదలైంది. అరగంట దంచి కొట్టింది. ఐలేశం గడపలో గొంతుక్కూర్చుని దొడ్డి వైపే చూస్తున్నాడు. తర్వాత వాన ఒక్కసారిగా ఆగింది. దాంతో పాటే గొర్రెల అరుపూ ఆగింది. అరవై డెబ్భై గొర్రెలున్న దొడ్డిలో చిన్న దగ్గు లేదు, గిట్టల చప్పుడు లేదు. చూరు నీళ్ళు కూడా కారడం మానేసినట్టుంది.

గొర్రెలన్నీ రెండు పక్కలా కంపవారకు ఒదిగిపోయాయి, మధ్యలో ఎవరికో తోవ ఇచ్చినట్టు. యాభై ఒకటో నంబరు ఒక్కటే కదల్లేదు. తల వాయవ్యానికి తిప్పి, చెవులు నిక్కించి నిలబడింది. ఆ దిక్కున యాదగిరిగుట్ట.

అప్పుడు వినిపించింది.

టప్.

తడి ఉన్ని మీద అరచేత్తో తట్టిన చప్పుడు. సాయంత్రం మందను దొడ్లోకి తోలేటప్పుడు కాపరి ఒక్కోదాని వీపు తట్టి లెక్కపెడతాడు... అచ్చం అలాగే. దొడ్డిలో ఏ గొర్రే కదల్లేదు, ఏదీ పడలేదు. ఆ చప్పుడు మాత్రం ఎక్కడో చాలా దూరం నుంచి వచ్చి, మా చెవి పక్కన తేలింది.

"ఒకటి" అన్నాడు ఐలేశం నెమ్మదిగా.

యాభై ఒకటో నంబరు వీపు మీద ఉన్ని కిందికి అణిగింది. కళ్ళారా చూశాను. ఐదు వేళ్ళు, వెడల్పైన అరచెయ్యి. దాని మీద చెయ్యి లేదు.

టప్.

గొర్రె ముందుకాళ్ళ మీద కూలింది. గిలగిల కొట్టుకోలేదు. పడింది, అంతే.

ఐలేశం లేచి నిలబడ్డాడు. "పిలుస్తాండు" అన్నాడు. భయం లేని గొంతు... అదే భయంకరం. దొడ్డి వైపు నడిచాడు. కంప తీసి, గొర్రె పక్కన నిలబడి, అది తిరిగిన దిక్కుకే మొహం తిప్పుకున్నాడు.

బక్కమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఎండు పుల్లల్లాంటి వేళ్ళు. అంత బలం ఎక్కడిదో.

"కొడుకా... నాలుగు నిండకుంటె వాడు పోడు. నా కొడుకు పేరు గీకెయ్యి. నా పేరు రాయి. కోడలు నిండు నెలలతోని ఉన్నది. నాకేమున్నది? రాయి బిడ్డా, రాయి..."

"రాస్తున్న అవ్వా" అన్నాను. మా వాడ మాట, ఎన్నో ఏళ్ళకు నా నోట్లోంచి దానంతటదే వచ్చింది.

పేజీ మీద పేర్లు రెండే. ఒకటి ఐలేశం, దాని కింద నాది.

నేను నా పేరు కొట్టేశాను. దాని పక్కన బక్కమ్మ అని రాశాను.

"రాసినవా?"

"రాసిన."

"నా కొడుకుది గీకినవా?"

"గీకిన."

ఆమె నా చెయ్యి వదిలేసింది. కొంగు సర్దుకుంది. ఆ మొహంలో వచ్చిన నిదానం నేను ఎవరి మొహంలోనూ చూడలేదు. దొడ్డి వైపు తిరిగి, చిన్నపిల్లవాణ్ణి పిలిచినట్టు పిలిచింది.

"అయిలీ... ఇంట్లకు రా కొడుకా. తడుస్తవ్."

టప్.

ఏదో బరువైంది బురదలో పడింది.

"ఏం సప్పుడది?" అంది బక్కమ్మ.

ఆ పువ్వు కళ్ళు నా వైపే ఉన్నాయి. ఒక్క నిజం చెప్పడానికి నాకు ఒక్క ఊపిరి టైము ఉంది.

"గొర్రె పడ్డది అవ్వా."

"మంచిగైంది" అంది.

ఆమె భుజం మీద చీర అణిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. చప్పుడు మాత్రం మూసుకోలేకపోయాను.

ఊరివాళ్ళు పిడుగు అన్నారు. ఒంటి మీద కాలిన మచ్చ లేదు, అయినా పిడుగే అన్నారు. నేనూ అవునన్నాను. నాలుగో రోజు గుట్ట కింది నుంచి కార్డు వచ్చింది. ఎనభయ్యో నంబరు శుక్రవారం సాయంత్రం, వాన వెలిసిన వేళ చచ్చిందట. నోటుపుస్తకం పొయ్యిలో పెట్టాను. చావులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని రిపోర్టులో ఒక వాక్యం రాస్తే, కాపరులు తారీకులు తప్పు చెప్పి ఉంటారని డాక్టరుగారు దాన్ని కొట్టేశారు. మొదటిసారి ఆయన తెలివితక్కువతనానికి దండం పెట్టుకున్నాను.

నెల తర్వాత గోపమ్మ ఆఫీసు మెట్ల మీద కూర్చుని కనిపించింది. ఒళ్ళో పసిగుడ్డు. బిడ్డను చూపించలేదు, ఏమీ అడుక్కోలేదు.

"అత్తకు ఎర్కైందా సారూ, ఈయన పోయిన సంగతి?"

"తెలియదమ్మా" అన్నాను. "అంతకు ముందే పోయింది."

"అయితె మంచిగైంది" అని లేచింది. అత్తా కోడళ్ళిద్దరూ నాకు ఒకే మాట చెప్పి వెళ్ళారు. కొడుకు పేరు కొట్టేసి ముసలామె పేరు రాసినా నా వంతు నాకు ఉండేది. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసే చేశాను. దొడ్లో గొర్రె కూడా పక్కదానికి తోవ ఇచ్చింది. నేను ఇవ్వలేదు.

ఉద్యోగం మానేశాను. మహబూబ్‌నగర్‌లో ఒక స్కూల్లో పిల్లలకు ఎక్కాలు చెబుతున్నాను. హాజరు పట్టీలో పేర్లు రాసేటప్పుడు కూడా నాలుగు వరుసగా రాయను, మధ్యలో గీత గీస్తాను. పిల్లలు నవ్వుకుంటారు. వెధవలు, నవ్వుకోనీ.

పోయిన వేసవిలో మొదలైంది. ఉతికిన చొక్కా తొడుక్కుని బడికి పోతే, సాయంత్రానికి వీపు మీద ఎర్రటి జాజు చార. మందలు కలిసిపోకుండా కురుమలు గొర్రెల వీపు మీద పూస్తారే, అలాంటిది. చాకలి గుర్వమ్మ ఎంత ఉతికినా పోలేదు. కొత్త చొక్కా కుట్టించాను. దాని మీదా వచ్చింది. అదే చోట, అంతే పొడవు.

మొన్న పని మీద షాద్‌నగర్ పోయి, తిరుగు బండి కోసం స్టేషన్‌లో నిలబడ్డాను. ఎర్రటి ఎండ. ముందు ఒకామె సీతాఫలాల గంప దించుతూ వంగింది. ఆమె రవిక వెనుక ఎర్రటి చార ఉంది.

చూడకూడదనుకుంటూనే చూశాను. ఆమె వెనక్కి తిరిగింది. నా మొహం చూడలేదు. మెల్లగా నా చుట్టూ తిరిగి, నా వీపు చూసి, మళ్ళీ ముందుకు వచ్చి నిలబడింది. బండి కూత వినిపిస్తోంది.

"మక్తల్‌ల ఒగ కంసలాయనకు గూడ ఉన్నది" అంది గుసగుసగా. "నాలుగో మనిషి ఎవరో... నీకేమన్న ఎర్కనా?"