హెల్పర్ గారి జీతం

లిఫ్టు మెకానిక్‌గా ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నోరు జారాను.

ఆస్పత్రి లిఫ్టు మూడో అంతస్తులో ఆగిపోయింది. అరగంట నుంచి తంటాలు పడుతున్నాను. పక్కనున్న అమ్మాయితో, "హెల్పర్ గారూ, ఆ స్పానర్ ఇలా ఇవ్వండి" అన్నాను.

"స్పానర్‌తో పనేముందండీ? తలుపు సెన్సార్‌కి దుమ్ము పట్టింది, అంతే."

జేబురుమాలుతో తుడిచింది. లిఫ్టు కదిలింది. నా పరువు మాత్రం మూడో అంతస్తులోనే ఉండిపోయింది.

"ఇంత పనొచ్చి హెల్పరేంటండీ?"

"మన కంపెనీలో మగవాళ్లు మెకానిక్‌లు, ఆడవాళ్లు హెల్పర్లు. పని మాత్రం ఒకటే. ఇంతకీ మీ జీతమెంత?"

చెప్పాను. ఆమె మొహం మాడిపోయింది. నాలుగేళ్లుగా చేస్తున్న ఆమెకి అందులో సగమే!

మర్నాడే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టింది. సమాన పనికి సమాన వేతనమని చట్టముంది కదా మరి.

మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. "ఆ అమ్మాయి పని వేరు, నీ పని వేరని ఆఫీసర్ ముందు చెప్పు. వచ్చే నెల నుంచి నువ్వే సూపర్‌వైజర్‌వి."

నేను ఆ గదిలోంచి బయటికి రావడం ఆమె చూసింది. అంతే, మాటలు బంద్. పది రోజులు పక్కపక్కనే నిలబడి లిఫ్టు గోడలు చూసుకున్నాం. నాకు అన్నం సయించలేదు. అప్పటికే మనసు పారేసుకున్నాను లెండి.

విచారణ రోజు ఆఫీసర్ గారు అడిగారు. "మీ ఇద్దరి పనిలో తేడా ఉందా?"

"ఉందండీ."

మేనేజర్ మీసం దువ్వాడు. ఆమె తల దించుకుంది.

"ఎక్కడ చెడిందో ఆవిడ కనిపెడతారు. బాగుచేయడం ఇద్దరం చేస్తాం. నాకింకా పని సరిగ్గా రాదండీ, ఆవిడే నేర్పుతున్నారు."

మేనేజర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. సమాన జీతం, పాత బకాయిలతో సహా ఇవ్వాలని ఆ పూటే ఆర్డరొచ్చింది.

బయట వాన. ఇద్దరం మెట్ల మీద ఆగిపోయాం.

"అంతమందిలో పని రాదని చెప్పుకోవడానికి సిగ్గేయలేదూ?"

"వేసింది. మీరు మాట్లాడకపోతే అంతకంటే కష్టంగా ఉంది. మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

ఆమె చినుకుల్లోకి చెయ్యి చాపి, చాలాసేపు తనలో తనే నవ్వుకుంది. "ఆదివారం మా ఇంటికి రండి" అంది.

వెళ్లాను. వాళ్లమ్మగారి మొదటి ప్రశ్నే, "జీతమెంత బాబూ?"

"మీ అమ్మాయికెంతో నాకూ అంతేనండీ."

ఆవిడ కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. "ముప్పై ఏళ్లు మిల్లులో చేశాను నాయనా. పక్క మెషీన్ మీద మగాడికిచ్చినంత నాకేనాడూ ఇవ్వలేదు."

కళ్లు తుడుచుకుని, కూతురి వైపు తిరిగి నవ్వేసింది. "అబ్బాయి నాకు నచ్చాడే. మరి నీ సంగతేంటి?"

"నచ్చకపోతే ఇంటిదాకా రానిస్తానా అమ్మా!"