నోటుబుక్కులో తొమ్మిదేళ్ళ పిల్ల

ఉదయం ఎనిమిదింటికి వంటింటి బల్ల దగ్గర టిఫిన్ పెట్టింది తల్లి. తండ్రి పేపరు విప్పాడు. కూతురు మాత్రం ప్లేటు ముట్టుకోకుండా సింకు దగ్గరికి వెళ్ళి మూడోసారి చేతులు కడుక్కుంది.

"ఎన్నిసార్లు రుద్దుతావే? తోలు ఊడొస్తుంది," అంది తల్లి.

"వాసన పోవట్లేదమ్మా."

"పాత కాగితాల వాసనేగా!"

"కాగితాలది కాదు."

పంతొమ్మిదో శతాబ్దంలో పేరు మోసిన ఒక వైద్య శాస్త్రవేత్త ఉత్తరాలు, నోటుబుక్కుల మీద రెండేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తోంది ఆ అమ్మాయి. ఆయన వారసుల ట్రస్టే ఫెలోషిప్ ఇస్తోంది. సీటు వచ్చిన రోజు అందరికంటే మురిసిపోయింది తండ్రే. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పిన మనిషి. ఏటా మొదటి క్లాసులో ఆ శాస్త్రవేత్త కథే చెప్పేవాడు. "మందు పనిచేస్తుందో లేదో చూడ్డానికి పుండులోని చీము తన చేతికే ఎక్కించుకున్నాడర్రా! ఇంకొకళ్ళకి కాదు!" చిన్నప్పుడు కూతురు ఇంజెక్షన్‌కి ఏడిస్తే, ఆమెకీ అదే చెప్పి ఊరుకోబెట్టేవాడు.

"నిన్న కొత్త నోటుబుక్కేదో దొరికిందన్నావు?" అన్నాడు పేపరు మడిచి.

"ఆ చెయ్యి వాడిది కాదు నాన్నా."

"వాడేమిటి, వాడు? మర్యాదగా మాట్లాడు."

"వాళ్ళ వంటమనిషి కూతురి చెయ్యి. తొమ్మిదేళ్ళ పిల్ల. చీము రంగు ఏ రోజు ఎలా మారిందో వరసగా రాసుకున్నాడు. 'ఇవాళ కంపు ఎక్కువైంది, భోజనం సయించలేదు' అని విసుక్కున్నాడు కూడా! తీరా అచ్చేసిన పుస్తకంలో 'నా చెయ్యి' అని రాసుకున్నాడు."

తండ్రి మడిచిన పేపరు పక్కన పెట్టాడు.

"ట్రస్టు వాళ్ళకి చెప్పావా?"

"చెప్పాను. ఆ నోటుబుక్కు జోలికి పోవద్దన్నాడు కార్యదర్శి. పోతే మూడో ఏడు ఫెలోషిప్ ఉండదట."

"మరింకేం? వదిలెయ్యి. ఒక్క నోటుబుక్కు లేకపోతే కొంపలేం మునగవు. ఆ రోజుల్లో అందరూ అంతే. అయినా తల్లి ఒప్పుకునే ఉంటుందిలే."

మాట ముగించి టిఫిన్ నోట్లో పెట్టుకున్నాడు. నమిలే ఆ పెదవుల్నే చూస్తూ కూతురు బల్ల మీది తన ప్లేటు దూరంగా నెట్టేసింది. ఊరంతా 'మాస్టారూ' అని చేతులెత్తి పలకరించే మనిషేనా ఈయన!

"నిన్ను చూస్తే అసహ్యమేస్తోంది నాన్నా."

"ఏమన్నావ్?" తండ్రి కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"ఆ పిల్ల బతికిందా?" అని అడిగింది తల్లి.

ఆవిడ పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. గొంతు పెంచలేదు. అయినా ఇద్దరూ ఆగిపోయారు.

"బతికిందమ్మా. చెయ్యి పడిపోయింది. ఇక పనికిరారని తల్లినీ పిల్లనీ పంపించేశాడు."

"నువ్వు తప్పు చదివుంటావు," అన్నాడు తండ్రి మొండిగా. "తే ఇటు. ముప్పై ఏళ్ళు పిల్లల కోడిగీతలు దిద్దినవాణ్ణి."

ఆమె సంచిలోంచి ఫొటో కాపీ తీసి ఆయన ముందు పడేసింది. "చదువు. ఈ అడుగున ఉన్న లైన్లు నాకూ అంతుపట్టలేదు. సిరా అలుక్కుపోయింది."

తండ్రి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి, పెదవులు కదుపుతూ కూడబలుక్కున్నాడు. వేలు ఒకచోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చింది.

"ఏముంది నాన్నా?"

"'పిల్ల గింజుకుంది. తల్లిని పట్టుకోమన్నాను. పట్టుకోనంది. పనిలోంచి తీసేస్తానన్నాను.'" ఆయన వేలు చివరి మాట మీదికి జరిగింది. "'పట్టుకుంది.'"

కాగితాన్ని తేలుని విదిలించినట్టు విదిలించాడు. సింకు దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించి ఊసేసి, గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

"ఛీ... వీడి కథా! ఎంతమంది పిల్లలకి చెప్పానే... సూది గుచ్చుతుంటే నీక్కూడా చెప్పాను."

"అప్పుడు నీకు తెలీదుగా నాన్నా."

"అప్పుడు తెలీదు, సరే. ఇందాక తెలిశాక ఏమన్నాను? తల్లి ఒప్పుకునే ఉంటుందన్నాను." ముఖం రెండు చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నువ్వన్నది నిజమే. నా మీద నాకే రోత పుడుతోంది."

కూతురు దగ్గరికి వెళ్ళింది. ఆయన్ని అలా ఏడవగా ఆమె ఎప్పుడూ చూడలేదు. భుజం మీద తల ఆనించింది.

"నేనంత మాట అనకుండా ఉండాల్సింది నాన్నా."

"అనాల్సిందే. లేకపోతే ఈ కాగితం నేను ముట్టుకునేవాణ్ణా?"

తల్లి కొంగుతో ఆయన ముఖం తుడిచింది. కూతురు అక్కడే నిలబడి కార్యదర్శికి ఫోన్ చేసింది. "ఆ నోటుబుక్కు వదలనండీ," అంది. అవతలివాడు ఏదో గట్టిగా అరిచి పెట్టేశాడు.

"ఫెలోషిప్ పోయినట్టే," అంది ఆమె.

"పోనీ," అన్నాడు తండ్రి. కింద పడిన కాగితం తనే వంగి తీశాడు. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"నలభై పేజీలు."

"అన్నీ తీసుకురా. నేను చదువుతాను, నువ్వు రాసుకో."

కూతురు సంచిలోంచి మిగిలిన కాపీలు తీసి తెచ్చింది. తల్లి బల్ల మీది ప్లేట్లు తీసేసి, తనూ కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండో పేజీ మూడో లైను దగ్గర తండ్రి ఆగాడు. ఇద్దరూ తొందరపెట్టలేదు. ఆయన కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, ఆ లైనే మళ్ళీ మొదటినుంచి చదివాడు.