తేలు ఏ వైపు?

"తేలు కనిపించగానే కాలుస్తారు" అన్నాడు చీఫ్, ఎదురుగా నిలబడ్డ ఏజెంట్‌తో.

టేబుల్ మీద శవం ఫోటో ఉంది. విదేశీ ముఠా రహస్య సందేశాలను విప్పగలిగిన ఇద్దరిలో ఒకడు. రెండోవాడు సైఫర్ నిపుణుడు. ఇంకా బతికే ఉన్నాడు. సాయంత్రం దాకా ఉంటాడన్న గ్యారంటీ లేదు.

"ప్లానెటేరియంలో మధ్యాహ్నం షో. నిపుణుడు ఎరగా వస్తానన్నాడు. వృశ్చిక రాశి, అదే తేలు, డోమ్ మీదికి పూర్తిగా రాగానే మ్యూజిక్ హాలు అదిరేలా మోగుతుంది. ఆ మోతలో తుపాకీ చప్పుడు వినపడదు. తేలు అంచున పొడుస్తున్నప్పుడే ఆయన్ని కిందకి లాగు. తొందరపడితే హంతకుడు జారుకుంటాడు. ఆలస్యమైతే మనిషి పోతాడు. పక్క సీట్లో, ముఠాలో వాళ్ళ మనిషిలా నటిస్తున్న మన డబుల్ ఏజెంట్ వెల్వెట్ ఉంటుంది. తేలు ఎలా ఉంటుందో తెలుసుగా?"

"భలేవారే, తెలీకేం సార్!"

తెలీదు. ఆ ఆఫీసులో తెలీదన్నవాడు మర్నాటికల్లా స్టోర్స్‌లో బూట్లు సర్దుకుంటూ ఉంటాడు. అందుకే అక్కడ అందరికీ అన్నీ తెలుసు. ఫోటోలోని మనిషికి కాపలా ఉన్నవాడికి కూడా అన్నీ తెలుసు.

పైగా వేషం ఖగోళ శాస్త్ర ప్రొఫెసర్ది. తెల్ల గడ్డం, కళ్ళజోడు, కోటు గుండీలో చిన్న వైర్‌లెస్. ఆ గుండీలోకి ఒక్క మాట గొణిగితే చీఫ్ చెప్పేసేవాడు. గొణగలేదు. గడ్డం కింద చెంపలు మండుతున్నాయి.

హాల్లో దీపాలు ఆరిపోయాయి. డోమ్ నిండా చుక్కలు. నిపుణుడి బట్టతల సరిగ్గా ముందు వరసలో మెరుస్తోంది. తేలంటే తేలు బొమ్మే వస్తుందనుకున్నాడు ఏజెంట్. వచ్చినవన్నీ చల్లిన బియ్యపు గింజల్లా ఉన్నాయి.

"అవి కృత్తికలు" అంది కామెంటేటర్ గొంతు. "కుమారస్వామిని పెంచిన ఆరుగురు తల్లులు. పక్కన మృగశిర, అంటే లేడి తల. పాశ్చాత్యులకు అక్కడే వేటగాడు కనిపించాడు."

వెల్వెట్ అత్తరు వాసనతో చెవి దగ్గరికి వంగింది. "ప్రొఫెసర్ గారూ, వేటగాడు పడమట దిగిపోతున్నాడు. ఎందుకంటారు అంత తొందర?"

"పెళ్ళాం పిలిచి ఉంటుంది."

ఆమె కిసుక్కున నవ్వింది. నవ్వుతూనే హ్యాండ్‌బ్యాగ్ జిప్పు లాగింది. "మీ యూనివర్సిటీలో ఇవే చెబుతారా అండీ?"

సిగ్గుతో చచ్చిపోయాడు. తూర్పు అంచున కొత్త చుక్కలు లేస్తున్నాయి. ఎర్రగా ఒకటి. అదేనా? కాదేమో. తల్లో ఇంకా నలుగురి ముందు పరువే తిరుగుతోంది. ముందు సీట్లో బట్టతల అమాయకంగా పైకి చూస్తోంది. ఎక్కడో వయొలిన్ సన్నగా మొదలైంది.

ఏజెంట్ లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఆపండి! తేలు ఏదమ్మా? నాకు తెలీదు! ఒక్క చుక్క పేరూ తెలీదు!"

హాలంతా గొల్లుమంది. "ప్రొఫెసర్ట! గడ్డం చూడు!" అని ఎవరో అరిచారు. కామెంటేటర్ కంగారుపడి షో ఆపి లైట్లన్నీ వేసేసింది.

వెల్వెట్ చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని కొసన సన్నటి గొట్టం. ఆ గొట్టం బట్టతలకి బెత్తెడు దూరంలో ఉంది.

ఏజెంట్ ఆమె మణికట్టు విరిచి పట్టాడు. తూటా పేలి డోమ్‌లోకి పోయింది.

"మతి లేదూ నీకు?" బేడీలు పడుతుంటే పళ్ళు నూరింది వెల్వెట్. "ఆ వేటగాణ్ణి కుట్టింది తేలేనయ్యా. ఇది లేస్తుంటే వాడు దిగిపోతాడు. కాల్చకపోతే వాళ్ళు నన్నే చంపేస్తారు, అంతకంటే విడమరచి నిన్నెలా హెచ్చరించను?"

గుండీలోంచి చీఫ్ గొంతు పొంగిపోయింది. "శెభాష్! డైవర్షన్ టాక్టిక్ అంటే అదీ! ట్రైనింగ్‌లో పెట్టిస్తా!"

సైఫర్ నిపుణుడు అతన్ని కావలించుకున్నాడు. "ఏం నటన బాబూ! ఏమీ తెలియనివాడిలా అంత సహజంగా! ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఏడో క్లాసులో బడి మానేశానండీ" అన్నాడు ఏజెంట్, నేల చూస్తూ.

శత్రువుల సందేశం దేన్నైనా ఇట్టే విప్పేసే ఆ మనిషి, దాన్ని మాత్రం జోకనుకుని పడీపడీ నవ్వాడు.