నూనె పోసే మనిషి

జనగామ స్టేషన్ రోడ్డులో సరస్వతి డిటెక్టివ్ ఏజెన్సీ నడిచే గది, ఒకప్పుడు వాళ్ళ నాన్న ఇనుప సామాన్ల దుకాణం. బోర్డు మారింది గాని గోడలకు తుప్పు వాసన ఇంకా పోలేదు. యాభై రెండేళ్ళ సరస్వతి చిన్నతనమంతా ఆ దుకాణంలో గొడ్డళ్ళు, రంపాలు, బోల్టుల మధ్యే గడిచింది. పనిముట్టు చూసి మనిషిని చెప్పడం ఆమెకు అక్కడే అలవడింది. ఆమె సహాయకుడు వీరేందర్ ఇరవై మూడేళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసి మానుకున్నవాడు. ఆమె ఏం చేసినా ఔరా అనుకోవడం తన ఉద్యోగంలో భాగమని అతని నమ్మకం.

ఆ శుక్రవారం పొద్దున వీరేందర్ ఫోను ముందుకు చాచాడు.

"మేడం, గిది చూడుండ్రి. చెట్లు కోసే రంపం మిషన్. కంపెనీది నలభై వేలుంటే గిది ఐదు వేలే. రంగు, రూపం అంత సేమ్. మా గట్టు మీద తుమ్మలు కోసుకోవచ్చు. కొనమంటరా?"

"ఇంట్ల అడిగినవా?"

"వచ్చినంక చెప్పొచ్చు లెండి."

సరస్వతి నవ్వింది. ఇంట్లో చెప్పకుండా కొన్న వస్తువులు అటక మీద ఎన్ని ఉంటాయో దుకాణదారు బిడ్డకు ఒకరు చెప్పాలా? ఆమె ఏదో అనబోయేలోపే గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడింది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక గోనె సంచిని రెండు చేతులతో పొదివి పట్టుకుంది. కళ్ళలో భయం. సంచి దించి మూతి విప్పితే, అందులో ఉన్నది సరిగ్గా వీరేందర్ ఫోనులో ఉన్న మిషనే.

"నా పేరు రాధాబాయి అమ్మా. కురవి దగ్గర తండ మాది. మా ఆయన మంగీలాల్ గీ మిషన్‌తోని చెట్లు కోస్తడు. శివరాత్రి నాడు అందరు జాతరకు పోయినప్పుడు, ఊర్ల బుచ్చయ్య బాపు గట్టు మీద ఆరు టేకు చెట్లల్ల మూడు ఎవరో కోస్కపోయిండ్రు. ఊర్ల మిషన్ మాకొక్కలకే ఉందని మా ఆయన మీద వడ్డరు. ఆదివారం దాక ఒప్పుకోకుంటే సోమవారం ఠాణాల కాగితం ఇస్తడట. ఇప్పటికే ఎవ్వలు పనికి పిలుస్తలేరు. మిషన్ గుంజుకపోతరేమోనని ఎత్తుకొచ్చిన."

సరస్వతి మిషన్‌ను బల్ల మీద పెట్టి నిదానంగా తిప్పి చూసింది. ముందు ఉండవలసిన అడ్డు పట్టీ విరిగిపోయి ఉంది. తర్వాత రాధాబాయి చేతులు చూసింది. మణికట్టు దాకా, గోళ్ళ సందుల్లో సహా, నల్లటి మరకలు.

"చేతులేంది గిట్లున్నయి?"

"దాని నూనె పంపు దసరాకే చెడిపోయిందమ్మా. ఆయన కోస్తుంటే నేను పక్కపొంటి నిలబడి సీసతోని కాలిన ఇంజన్ ఆయిల్ చైను మీద పోస్త. పొయ్యకుంటే పొగలొస్తయి. మా ఆయన తొడ మీద గాటు గూడ దీని పుణ్యమే."

"వేడెక్కితే?"

"ఆగుతది. ఒక్కపారి ఆగిందంటే, మేం సద్ది తిని చెయ్యి కడుక్కునేదాక మళ్ళ లేవదు."

"జాతర నాడు మీరిద్దరు ఎక్కడున్నరు?"

"నేను మా అవ్వను మహబూబాబాద్ దవాఖానకు తీస్కపోయిన. ఆయన ఇంట్లనే పండుకున్నడు. చూసినోళ్ళు లేరు. గదే మా కర్మ."

"మంచిది కొనకపోయిండ్రా అక్కా?" అన్నాడు వీరేందర్, తన ఫోను జేబులో పెట్టుకుంటూ.

"మంచిది కొనెటోళ్ళమైతే కూలికెందుకు పోతమన్నా? గిది వచ్చినంకనే గొడ్డలి బాధ తప్పింది."

సరస్వతి అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది.

మధ్యాహ్నానికి ముగ్గురూ రైల్లో మహబూబాబాద్ చేరారు. ఆటో మాట్లాడుకునే ముందు స్టేషన్ దగ్గరున్న టింబర్ డిపోలో ఆగారు. దాని యజమాని శ్యాం ఆ టేకు కోసం బుచ్చయ్య చుట్టూ రెండేళ్ళు తిరిగాడని, చివరికి గొడవపడ్డాడని రాధాబాయి దారిలో చెప్పింది. పైగా శ్యాం దగ్గర కంపెనీ రంపం మిషన్లు రెండున్నాయి.

"నిజమే, లొల్లి అయింది," అన్నాడు శ్యాం నదురు బెదురు లేకుండా. "ముసలాయన అమ్మనంటే అమ్మనన్నడు. కాని మేడం, నేనే దొంగనైతే ఆరు చెట్లు కోసెటోన్ని. ఊరంత ఖాళీగున్న రోజు మూడెందుకు ఇడిసిపెడ్త?"

"గది నేను గూడ ఆలోచించాలె," అంది సరస్వతి.

బుచ్చయ్య ఇంటి ముందు ఒక మునగ చెట్టుంది. ఈ మధ్యనే కొమ్మలు కొట్టారు. కొట్టిన ప్రతి కొమ్మ కొసనా ఎవరో బిడ్డకు టోపీ పెట్టినంత జాగ్రత్తగా పేడముద్ద పెట్టారు. డెబ్బై దగ్గరపడిన బుచ్చయ్య మంచినీళ్ళిచ్చి, రాధాబాయి వైపు చూడకుండా మాట్లాడాడు.

"మా బిడ్డ రూప పుట్టిన యేడు పెట్టిన ఆరు మొక్కలు. ఇరవై ఆరేండ్లాయె. బిందెతోని నీళ్ళు మోసి పెంచిన. పోయిన నెల గీ మంగీలాలే వచ్చి 'కోసుడేమన్న ఉందా బాపు' అని అడిగిపోయిండు. ఇంకెవని మీద అనుమానపడాలె?"

"పిల్లలు ఎక్కడుంటరు?"

"రూప హైదరాబాద్ల నర్సు. కొడుకు హరీష్ భూపాలపల్లిల కాంట్రాక్టరు దగ్గర చేస్తడు. కరెంటు తీగల కింద చెట్లు కొట్టిపిచ్చే పని. కొత్తగ ఇల్లు కట్టుకుంటున్నడు. పని వడ్డదని జాతరకు రాలే. మంగీలాల్ మీద అనుమానమని ఫోన్ల చెప్తే పాపం గమ్మునున్నడు."

"కోసిన మొదళ్ళు చూసినవా బాపూ?"

"దూరంకెల్లి చూసిన. మీద ఆకులు కప్పి పెట్టిండు దొంగ. తీసి చూడబుద్ధి కాలే. చచ్చిపోయినోళ్ళ ముసుగు తీసినట్టు ఉంటదని అటు దిక్కే పోతలేను."

చేనుకు సరస్వతి, వీరేందర్ ఇద్దరే వెళ్ళారు. గట్టుకు ఒక పక్క బండ్ల బాట, దానికి ఆనుకుని ఎర్రబారిన మిర్చి చేను. రెండో పక్క బీడు. మిగిలిన మూడు టేకు చెట్లు ఒక వరుసలో నిలబడి ఉన్నాయి. మూడు మొదళ్ళ మీద టేకాకులు కప్పి, గాలికి లేవకుండా రాళ్ళు పెట్టి ఉన్నాయి. సరస్వతి ఒక రాయి తీసి ఆకులు ఎత్తింది. మొదలు మీద మందంగా పేడ అలికి ఉంది. తాళంచెవితో కొద్దిగా గీకితే కింద నున్నటి లేత పసుపు కొయ్య కనిపించింది. చుట్టూ రాలిన పొట్టు కూడా శుభ్రంగా, పొడిగా ఉంది. ఆమె పొట్టు కొంచెం కాగితంలో మడిచి, గీకిన చోట మళ్ళీ పేడ సర్ది, ఆకులు కప్పింది.

"పేడ సంగతి ఎవ్వలకు చెప్పకు," అంది. "చెట్లు ఎటు పడ్డయో చూసినవా?"

"బీడు దిక్కు. ట్రాక్టర్ టైర్ల జాడ గూడ అటే ఉంది. బాట గిటు ఉంటే అంత చుట్టు తిరిగి ఎందుకు పోయిండో తిక్కలోడు!"

"గిటు పడితే ఏమైతుండె?"

వీరేందర్ మిర్చి చేను వైపు చూశాడు. ఒక్క మొక్క కూడా వంగలేదు.

దగ్గర్లో మేకలు కాస్తున్న యాకమ్మ జాతర నాడు కూడా అక్కడే ఉంది. మోకాళ్ళ నొప్పులతో ఆమె జాతరకు పోలేకపోయింది.

"చప్పుడు ఇన్న బిడ్డా, పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు. గుట్టకు అవతల ఉన్న, కండ్లతోని చూడలే. మూడుపార్లు ఆగింది, మూడుపార్లు లేసింది."

"ఆగినంక లేసుడికి ఎంత సేపు?"

"ఎంత సేపు? ఆకుకు సున్నం రాసి నోట్లె వేసుకునేలోపట మళ్ళ బుర్రుమన్నది. మంగీలాల్ మిషనే. ఊర్ల ఇంకెవ్వలకుంది?"

మర్నాడు శనివారం. వాళ్ళు భూపాలపల్లి చేరేసరికి హరీష్ ఒక తీగ కింద వేప కొమ్మలు నరికిస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు దాటిన ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. సరస్వతి తన పని దాచలేదు. బుచ్చయ్య చెట్ల సంగతి చూస్తున్నానని చెప్పింది. ఆ తర్వాత వీరేందర్‌ను ముందుకు తోసింది.

"ముందు మావోనికి ఒక సలహా ఇయ్యి. ఐదు వేల మిషన్ కొంటనంటుండు."

హరీష్ ముఖం విప్పారింది. పనివాడికి తన పనిముట్టు గురించి అడిగితే అంతే కదా. "కొనకు అన్నా. నెల రోజులు మంచిగనే కోస్తది. తర్వాత నూనె పంపు పోతది, చైను తిరిగే పట్టీ మాడుతది. వేడెక్కితే లేవదు. ముందు అడ్డు పట్టీ ప్లాస్టిక్‌ది, చైను ఎగిరి మీదికొస్తే ఆపదు. మా ఊరి మంగీలాల్‌ది చూడు, ఆయన ఒక్కడు పనికే పోలేడు. భార్య పక్కన నిలబడి నూనె పొయ్యాలె. గిది చూడు," అని తన మిషన్ ఎత్తి చూపించాడు. "నేనొక్కన్నే పొద్దందాక కోస్త. ఇంకో మనిషి అక్కరలేదు."

"జాతర తర్వాత ఇంటికి పోయినవా?" అని అడిగింది సరస్వతి.

"లేదు మేడం. పోయి రెండు నెల్లాయె." అతని గొంతు తగ్గింది. "మా బాపు ఎట్లున్నడు?"

"అన్నం సరిగ్గ తింటలేడు."

హరీష్ మిషన్ చైను మీది పొట్టు దులిపాడు. "మొదళ్ళు మళ్ళ చిగురేస్తయని చెప్పుండ్రి. పేడ ఎండి పగలకుంట జర నీళ్ళు చల్లుమనుండ్రి."

వీరేందర్ నోరు తెరవబోయాడు. సరస్వతి అతని కాలు తొక్కింది.

"చెప్త. రేపు నువ్వు గూడ మీ మిషన్ తీస్కోని రా. రెండు మిషన్ల తేడా మీ బాపుకు చూపియ్యాలె."

ఆదివారం పొద్దున గట్టు మీద అందరూ చేరారు. బుచ్చయ్య, యాకమ్మ, శ్యాం, హరీష్. కొంచెం ఎడంగా రాధాబాయి, ఆమె పక్కన మంగీలాల్. నాలుగు రోజులుగా గడ్డం గీయని ముఖంతో అతను ఎవరి కళ్ళలోకీ చూడటం లేదు. దొంగలు వదిలిపోయిన లావుపాటి టేకు కొమ్మ ఒకటి బీడులో పడి ఉంది. సరస్వతి దాన్ని చూపించింది.

"మంగీలాల్, గిది కొయ్యి."

అతను తాడు గుంజాడు. రాధాబాయి అలవాటుగా సీసా వంచింది. పొగ, నల్లటి నూనె చుక్కలు. సగం తెగాక మిషన్ ఆగింది. ఎంత గుంజినా లేవలేదు. యాకమ్మ ఆకుకు సున్నం రాసుకుంది, నోట్లో వేసుకుంది, నమిలింది, ఉమ్మింది. మిషన్ లేవలేదు.

"ఇక నువ్వు, హరీష్."

అతని మిషన్ మిగతా సగాన్ని నిమిషంలో కోసి పడేసింది. సరస్వతి తెగిన కొమ్మను అందరి ముందూ తిప్పింది. ఒక సగం మాడి నల్లగా ఉంది. రెండో సగం నున్నగా, లేత పసుపుగా ఉంది. ఆ పక్కనే జేబులోంచి కాగితం తీసి విప్పింది.

"గిది మొదళ్ళ కాడ తీసిన పొట్టు. నల్ల చుక్క ఒక్కటి లేదు. యాకమ్మ ఇన్నది ఆగంగనే లేసిన మిషన్ చప్పుడు. మంగీలాల్ మిషన్ ఎట్లుంటదో ఇప్పుడు మీరే చూసిండ్రు. పైగ ఆ రోజు నూనె పోసే మనిషి దవాఖానల ఉంది. దవాఖాన చీటి నేను చూసిన. గీ మిషన్‌తోని గీ దొంగతనం చేతకాదు."

మంగీలాల్ మొదటిసారి తలెత్తాడు.

"అట్లయితే మంచి మిషన్ ఉన్నోళ్ళు ఇద్దరు," అంది సరస్వతి. "శ్యాం, హరీష్."

"నేను మూడే ఎందుకు కోస్తనని మొన్ననే చెప్పిన," అన్నాడు శ్యాం.

"చెప్పినవు. దొంగ సగం ఇడిసిపోడు. సగం తన వాటా అనుకున్న పాలివాడు ఇడుస్తడు. ఇంకొకటి. చెట్లు బాట దిక్కు పడేస్తే పని అల్కగయితుండె గాని మిర్చి నాశనమైతుండె. చుట్టు తిరిగి బీడు మీదికెల్లి పోయిండు. గీ చేను తిండి తిన్నోడే గంత బాధపడ్తడు." ఆమె వంగి ఒక మొదలు మీద ఆకులు తీసింది. "బాపూ, నీ మునగ కొమ్మలకు పేడ ఎందుకు పెట్టినవు?"

బుచ్చయ్య పేడ అలికిన మొదలు చూశాడు. అతని పెదవులు కదిలాయి. "ఎండిపోకుంట... చిగురెయ్యాలని."

"గా పని ఎవరికి నేర్పినవు?"

ముసలాయన మెల్లగా తిరిగి కొడుకు వైపు చూశాడు.

"ఆకుల కింద పేడ ఉన్నదని నాకు, వీరేందర్‌కు తప్ప ఇంకెవ్వలకు తెల్వదు. మీ బాపు గూడ చూడలే," అంది సరస్వతి హరీష్‌తో. "రెండు నెల్ల సంది ఊరికి రాని నువ్వు, నీళ్ళు చల్లుమన్నవు."

హరీష్ చేతిలోని మిషన్ కింద పెట్టాడు. "ఇంటికి తలుపులు చేపిద్దామని కోసిన," అన్నాడు. "లోడింగుకు ఇద్దరిని తెచ్చుకున్న. ఆరూ రూపకే ఇస్తవని మనసుల పెట్టుకున్న బాపూ. నా పాలు నేను తీస్కున్న."

"ఆరూ రూపకని నేనెన్నడన్న?"

"ఆమె పుట్టిన యేడు పెట్టిన అని ఊరందరికి చెప్తవు కదా!"

"యేడు చెప్పిన బిడ్డా, పాలు చెప్పలే. మూడు నీకు, మూడు ఆమెకు. మొక్క పెట్టిన నాడే అనుకున్న."

"నాకెప్పుడన్న చెప్పినవా?"

"నువ్వెప్పుడన్న అడిగినవా?"

తండ్రీకొడుకులు ఇరవై ఆరేళ్ళలో ఒక్క మాట అనుకుని ఉంటే సరిపోయేది. ఆ సంగతి అక్కడున్న అందరికీ అర్థమై మనసు చివుక్కుమంది.

సరస్వతి గొంతు మాత్రం మెత్తబడలేదు. "నీ చెట్లు నువ్వు కోసుకున్నవు, గది మీ ఇంటి ముచ్చట. కాని మంగీలాల్ మిషన్‌తోని గీ పని కాదని ఊరందరికన్న నీకే ఎక్కువ తెలుసు. ఆయన మీద పడుతున్నరని ఫోన్ల ఇన్నవు. గమ్మునున్నవు. దొంగతనం గదీ."

హరీష్ మంగీలాల్ ముందుకు వచ్చి చేతులు జోడించాడు. "తప్పయిందన్నా."

మంగీలాల్ తన మిషన్‌ను కాలితో కొద్దిగా తట్టాడు. "దీన్ని రోజు తిట్టుకుంట తమ్ముడా. కొన్న నాటి సంది తిడ్తనే ఉన్న. మంచిదైతే రేపు నేను ఠాణాల ఉండెటోన్ని."

యాకమ్మ పకపకా నవ్వింది. బుచ్చయ్య నవ్వలేదు. రాధాబాయి దగ్గరికి వచ్చి, ఇన్ని రోజులూ చూడని ముఖంలోకి సూటిగా చూశాడు.

"బిడ్డా, తొందరపడి నోరు జారిన. ఊర్ల పది మంది ముందు అన్న మాట, పది మంది ముందే వాపసు తీస్కుంట. మిగిలిన మూడు రూప అడిగిన నాడు మంగీలాలే వచ్చి కొయ్యాలె."

రాధాబాయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నల్లటి నూనె చెంపకు అంటుకుంది.

"ఇద్దరం వస్తం బాపు," అంది. "మా మిషన్ ఒక్కనితోని నడువది."

సాయంత్రం రైల్లో వీరేందర్ చాలా సేపు ఔరా అనుకున్నాడు. తర్వాత ఫోను తీసి ఆ ఐదు వేల బొమ్మను మళ్ళీ చూశాడు.

"ఇంతకు కొనమంటరా వద్దంటరా మేడం?"

సరస్వతి కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించింది. "కొంటే ముందు గా అడ్డు పట్టీ మంచిది వేయించు. కాలు తెగితే ఐదు వేలు అగ్గువ కాదు. ఇంకొకటి, మంచి మిషన్ అయితే ఎవ్వలను అడగకుంట ఒక్కనివే కోసుకోవచ్చు. హరీష్ గట్లనే కోసిండు. అగ్గువ దానికి పక్కన మనిషి కావాలె. నీ ఇంట్ల నూనె పోసే మనిషి ఉన్నదా?"

వరంగల్ పోయింది, కాజీపేట పోయింది. ఘన్‌పూర్ దాటాక వీరేందర్ ఇంటికి ఫోను కలిపాడు.

"ఏమే, అన్నం తిన్నవా?" అన్నాడు. ఆమె జవాబు విని, "నిన్నొక మాట అడగాలె," అన్నాడు.