నాలుక ముద్ర

"దినకర్ గారూ, ఇంకొంచెం బయటికి పెట్టండి," అంది డాక్టర్ మెహరున్నీసా.

దినకర్ నాలుక ఇంకాస్త చాచాడు. వేలిగోరంత గాజుపలక దాని మీద ఆనింది. హైదరాబాదులో పెద్దవాళ్ళ డ్రాయింగ్ రూములన్నీ తీర్చిదిద్దిన యాభై మూడేళ్ళ మనిషి, ఇలా నాలుక వెళ్ళబెట్టుకుని కూర్చోవడం ఇది పదోసారి. తెర మీద అంకె కాసేపు ఊగిసలాడి ఆగింది. మొదటి రోజు కొలతతో తేడా మూడున్నర శాతం. నాలుగు దాటితే పేరు కొట్టేస్తారు.

నీలగుట్ట వైనరీ లిస్టులో ఆరువందల పేర్లే ఉంటాయి, పేరుకి ఏడాదికో సీసా. ఆరువందల ఒకటో మనిషికి సీసా దక్కాలంటే పైవాళ్ళలో ఒకరు తప్పుకోవాలి, లేదా పోవాలి. తప్పుకునే పిచ్చివాడు ఎవడూ లేడు. పోవడానికి ఎవరికీ తొందర లేదు. దినకర్ క్లయింట్లలో సగంమంది ఆ లిస్టులో ఉన్నారు. వాళ్ళు తమ సీసాల గురించి మాట్లాడుకుంటుంటే కర్టెన్ల కొలతలు తీసుకుంటూ నిలబడటం అతనికి మహా కష్టంగా ఉండేది.

ఆ వైన్ గొప్పతనమంతా మెహరున్నీసా కనిపెట్టిన ఈ సెన్సార్‌లో ఉంది. నాలుక మీద రుచిమొగ్గలు వేలల్లో ఉంటాయి. ఏది దేనికి ఎంత స్పందిస్తుందో సెన్సార్ కొలుస్తుంది. పేరు రాయించుకున్న రోజు తీసిన కొలతే నాలుక ముద్ర. ఆ ముద్రకు సరిపడేలా ఆ రోజు నుంచే ఒక పీపాలో మనిషి పేరు మీద వైన్ ఊరుతుంది.

"అది తయారయ్యేలోగా మీ నాలుక మారిపోయిందనుకోండి, అది మీకు వట్టి పుల్లనీళ్ళే," అని మొదటి రోజే చెప్పిందామె.

అందుకే కారం వద్దన్నారు. ఊరగాయ, పులుసు, పొగలు కక్కే కాఫీ, ఏవీ వద్దన్నారు. క్యూలో ఉన్న తొమ్మిదేళ్ళూ దినకర్ ఉడకబెట్టిన సొరకాయ ముక్కలతో అన్నం తిన్నాడు. పెళ్ళిళ్ళకి సొంత డబ్బా పట్టుకెళ్ళి బంతిలో అందరిచేతా నవ్వించుకున్నాడు. అతని భార్య స్రవంతి మొదట్లో తనకి వేరుగా వండుకునేది. ఆవకాయ కలిపే రోజున ఘాటు తగులుతుందని అతను హోటల్లో గది తీసుకున్నాక ఆ కలపడం మానేసింది. మూడో ఏడు దాటేసరికి పచ్చళ్ళన్నీ మానేసింది. ఒక్కదాని కోసం రోలు కడుక్కోవడం ఎందుకంది.

ఆ పరీక్ష అయిన నెలకే లిస్టులో ఒకాయన పోయాడు. ఎవరో పోతే ఇంత సంతోషించిన మనిషిని స్రవంతి అదివరకు చూడలేదు.

సీసా వచ్చింది. దినకర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల ముందు కూర్చుని, గ్లాసులో రెండు గుక్కలు వంచుకుని తాగాడు. మరుక్షణం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గోంగూర పచ్చడి. ఎర్ర గోంగూర పులుపు, నువ్వుల నూనె, పచ్చి ఉల్లిపాయ, చివర్లో కాస్త మాడిన వెల్లుల్లి. ఏదీ తప్పిపోలేదు.

కంగారుగా మెహరున్నీసాకి ఫోన్ చేశాడు. ముద్ర ఇచ్చిన పొద్దున ఏం తిన్నారని అడిగిందామె. తరవాత నెమ్మదిగా చెప్పింది.

"నాలుక ఆ పూట దేన్ని పట్టుకుని ఉంటే సెన్సార్ దాన్నే రాసుకుంటుంది. అందుకే ఖాళీ కడుపుతో రమ్మన్నాం. మీరు ఫారం చదవలేదు."

స్రవంతి ఒక చుక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. ఆమెకది పుల్లనీళ్ళే. అతను రుచి వర్ణించి చెబుతుంటే విని, మాడిన వెల్లుల్లి దగ్గర ఆపింది.

"ఆ రోజు తాలింపు మాడ్చాను. నాలుగు ముద్దలు తిని, ఇదేం పచ్చడని కంచం తోసేసి వెళ్ళారు."

దినకర్ సిగ్గుపడ్డాడు. మళ్ళీ ఒక్కసారి చేసిపెట్టమని బతిమాలాడు. ఆమె మర్నాడు రైతుబజారుకెళ్ళి ఎర్ర గోంగూర తెచ్చింది. ఆరేళ్ళుగా వాడని రోలు కడిగింది. వెల్లుల్లిని కావాలనే మాడనిచ్చింది. వేడన్నంలో పచ్చడి కలిపి, ఉల్లిపాయ కోసి, కంచం తెచ్చి అతని ముందు పెట్టింది.

అప్పుడే ఫోన్ మోగింది. వైనరీ నుంచి మెసేజ్. లిస్టులో కొత్తగా చేరినవాళ్ళకి నాలుక పరీక్ష ఎల్లుండి. తేడా నాలుగు శాతం దాటితే పేరు పోతుంది, మళ్ళీ క్యూలో ఆఖరికి.

దినకర్ మెసేజ్ రెండుసార్లు చదివాడు. కంచం వైపు చూశాడు. నోరూరింది. ముద్ద చేతిలోకి తీసుకున్నాడు కూడా. తరవాత దాన్ని దింపేసి, కంచాన్ని రెండు వేళ్ళతో మెల్లిగా ముందుకు తోశాడు.

"పరీక్ష అయ్యాక తింటాలే," అన్నాడు.

"పరీక్ష ప్రతి ఏడూ ఉంటుందిగా," అంది స్రవంతి.

ఆమె కంచం తనవైపు లాక్కుని తినడం మొదలుపెట్టింది. అతను సీసాలో మిగిలింది గ్లాసులోకి వంచుకున్నాడు. కాసేపు ఎదురెదురుగా కూర్చుని ఆమె తింది, అతను తాగాడు.

"బావుందా?" అని అడిగిందామె.

"అచ్చం నీ చేతి పచ్చడే," అన్నాడు దినకర్.

"అయితే ఏడాదికోసారి తెప్పించుకోండి," అని ఆమె కంచం తీసుకుని లేచి, రోలు కడగడానికి వెళ్ళింది.