నిద్రతోడు

రెండో జాము టిఫిను ఇంకా పూర్తికాలేదు. సత్యవేణి చెవి వెనక ఎర్రచుక్క వెలిగింది. నూకరాజు దాన్ని చూశాడు గానీ, ఆ సమయానికి ఆమె అన్న ఒక మాటకి జవాబు చెబుతూ సగంలో ఉన్నాడు. జవాబు పూర్తిచేసి, పెసరట్టు ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని, అప్పుడు చెప్పాడు.

"నీ జాగరిక ఎర్రబడింది."

"మాట మార్చకండి," అంది సత్యవేణి. అందే గాని, చెయ్యి గబుక్కున చెవి వెనక్కి పోయింది.

జాగరిక బియ్యపుగింజంత పరికరం. ఏడేళ్లు నిండిన ప్రతి మనిషికీ చెవి వెనక చర్మం కింద అమరుస్తారు. మెదడులో పేరుకునే అలసటని అది ఎప్పటికప్పుడు కడిగేస్తుంది. నూకరాజు తాతగారి కాలంలో అది వచ్చింది, నిద్ర వెళ్లిపోయింది. నిద్రతోపాటు మంచాలు, దుప్పట్ల కొట్లు, శుభోదయాలు కూడా వెళ్లిపోయాయి. పొద్దుగూకగానే కాకినాడ మీద వెలుగుబుడగలు లేస్తాయి కాబట్టి చీకటీ లేనట్టే. రోజుకు ఎనిమిది జాములు, మూడు టిఫిన్లు, మూడు భోజనాలు. ఏడేళ్లలోపు పిల్లలు మాత్రం ఊయలబడిలో ఇంకా పడుకుంటారు. 'నిన్న' అనే మాట వాళ్ల నోటే వినాలి. పెద్దవాళ్లు 'పది జాముల కిందట' అంటారు.

జాగరికను కనిపెట్టిన మహానుభావులు మనిషి ఆయుష్షుకు మూడోవంతు కలిపామని చెప్పుకున్నారు. నిజమే, కలిపారు. ఆ మూడోవంతులో నూకరాజు పెళ్లయిన కొత్తలో వయొలిన్ నేర్చుకున్నాడు, మేడ మీద దొండపాదు పెంచాడు. ఈ ఐదు నెలలుగా మాత్రం అదంతా పోట్లాటకే పోతోంది.

ఐదు నెలల కిందట సత్యవేణి తండ్రి ఆసుపత్రిలో పోయాడు. కబురు అందినా నూకరాజు వెళ్లలేదు. సముద్రాన్ని ఆపే అలకట్ట మీద నీటితలుపులు దించే పని అతనిది. పని వదిలి రావడం కుదరలేదన్నాడు. ఆఖరిచూపుకైనా రాని మనిషని ఆమె ఏడిస్తే, ఏం చెప్పాలో తోచక, "మీ నాన్న ఏ జాములో పోతాడో నాకు ముందే కబురు పెట్టాడా?" అనేశాడు. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పటికే ఆమె ఒకటి అంది, దానికి ఇతను ఇంకోటి అన్నాడు. ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, ఆగే చోటు వాళ్లకి దొరకలేదు. వండుతూ, తింటూ, బట్టలు ఆరేస్తూ, జాముల తరబడి ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగారు. చివరికి ఇద్దరూ కలిసి ఒప్పుకున్న సంగతి ఒకటే, విడిపోవడం. ఈ రోజు ఐదో జాములో వేరుపాటు కార్యాలయంలో సంతకాలు పెట్టాలి. విడిపోవాలని నూకరాజుకు లేదు. ఓడిపోవాలనీ లేదు.

ఎర్రచుక్క వెలిగాక ఆలస్యం చేయకూడదు. మాటామాటా అనుకుంటూనే ఇద్దరూ జాగరిక కేంద్రానికి వెళ్లారు. అక్కడ పనిచేసే ఫర్హానా చెవి వెనక చిన్న దీపం పెట్టి చూసి పెదవి విరిచింది.

"గింజ మార్చాలండి. కొత్తది ఒంటికి అలవాటు పడ్డానికి ఎనిమిది గంటలు పడుద్ది. ఈలోగా పెట్టుకోడానికి అరువు జాగరికలు ఇచ్చేవాళ్లం గానీ, వారం నించీ సరుకు లేదండి."

"అయితే ఎలాగమ్మా?" అంది సత్యవేణి.

"పడుకోవాలండి."

సత్యవేణి ముఖంలో రంగు పోయింది. ఆమెకి నలభై రెండేళ్లు. ముప్పై ఐదేళ్లుగా ఒక్క క్షణం తెలివి తప్పలేదు. ఫర్హానా ఆమెకు ధైర్యం చెప్పి, పలక మీద వివరాలు రాసుకుంటూ అడిగింది, "తోడు ఎవరుంటారండి?"

అది కచ్చితమైన నియమం. నిద్రపోయినవాళ్లు ఒంటరిగా లేస్తే, తాము ఎక్కడున్నారో తెలియక హడలిపోయి కేకలు పెట్టిన సందర్భాలు మొదట్లో చాలా జరిగాయి. అందుకని పక్కన ఇంటిమనిషి ఒకరు కూర్చోవాలి. నిద్రతోడు అంటారు. సత్యవేణికి తోబుట్టువులు లేరు, తండ్రి పోయాడు.

"ఐదో జాము దాకా నేనేనండి," అన్నాడు నూకరాజు.

లోపలి గదిలో ఒకే ఒక మంచం ఉంది. సత్యవేణి దాని మీద చీర సర్దుకుని, బెంచీ మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఆమె ఊయలబడిలో పంతులమ్మ. రోజుకు పాతికమంది పిల్లల్ని జోకొట్టి పడుకోబెడుతుంది. ఇప్పుడు తన వంతు వచ్చేసరికి కాళ్లు ఎటు పెట్టాలో కూడా తెలియలేదు. ఫర్హానా పడుకోబెట్టి, పాత గింజ తీసి, కొత్తది అమర్చి, దుప్పటి కప్పి వెళ్లింది.

"ఇందాక ఏమన్నావు? నాకు మీ నాన్నంటే మొదట్నించీ లెక్కలేదనా?" అని నూకరాజు కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టాడు. సత్యవేణి కళ్లు మూసుకుంది. "కళ్లు మూసుకుంటే సరిపోద్దా? ఆయనకి పడవపందేలు చూపించింది ఎవరు? మందులు తెచ్చింది ఎవరు?" జవాబు లేదు. ఇంతవరకూ ఆమె ఏ మాటనీ ఊరికే పోనివ్వలేదు. ఈ కొత్తరకం నిర్లక్ష్యం చూసి అతనికి ఒళ్లు మండింది. గొంతు పెంచి, పెళ్లినాటి నుంచీ వరసగా చెప్పుకొచ్చాడు.

ఫర్హానా తలుపు తీసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆవిడ పడుకుని ఇరవై నిమిషాలైందండి. మీరు ఎవరితో పోట్లాడతన్నారు?"

నూకరాజు నోరు మూసుకున్నాడు. చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. వినేవాళ్లే లేరు.

ఆ తరవాత ఎనిమిది గంటలు అతని జన్మలో అతిపొడవైనవి. చేతిలో పని లేదు, ఎదురుమాట లేదు. ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. కనుబొమల మధ్య గీత మెల్లగా చదునైపోయింది. ఆ గీత లేని ముఖం చూసి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. నోరు కొద్దిగా తెరుచుకుంది. చెయ్యి మంచం అంచు మీదనుంచి జారితే తీసి దుప్పట్లో పెట్టాడు. ఆమె చెయ్యి పట్టుకోవడం కూడా ఐదు నెలల్లో అదే మొదటిసారి. ఒకసారి ఆమె ఉన్నట్టుండి చిన్నగా నవ్వింది.

నూకరాజు హడావిడిగా బయటికి పరుగెత్తాడు. "అమ్మా, నవ్వుతోంది! ఎవరూ ఏమీ అన్లేదు!"

"కలండి. ఏం కాదు. కూర్చోండి."

కూర్చున్నాడు గాని మనసు చివుక్కుమంది. తను లేని చోటికి వెళ్లి ఆమె నవ్వుతోంది. తను మాత్రం ఇక్కడే, అదే మాట దగ్గర, జవాబు పట్టుకుని కాపలా కాస్తున్నాడు.

నాలుగో జాము చివర్లో సత్యవేణి కళ్లు తెరిచింది. కాసేపు పైకప్పు వైపు చూసింది. తల తిప్పి అతన్ని చూసి, "ఇక్కడే ఉన్నారా?" అంది. గొంతు బొంగురుగా, నెమ్మదిగా ఉంది.

"ఉండక? నువ్వు ఇందాక అన్నదానికి నేను చెప్పేదేంటంటే..."

"ఉండండి. అది నిన్నటి మాట కదండీ."

నూకరాజు తెల్లబోయాడు. "నిన్నేంటి? పొద్దున టిఫిను దగ్గర అన్నావు!"

"నాకు నిన్నలాగే ఉందండి." లేచి కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. "మా బడిలో పిల్లలు బొమ్మ కోసం జుట్లు పట్టుకుంటారు. పడుకుని లేచాక అదే బొమ్మతో కలిసి ఆడుకుంటారు. చిన్నపిల్లలు, మరిచిపోయారనుకునేదాన్ని. కాదండి. నేనేం మరిచిపోలేదు, మీరన్న ప్రతి మాటా గుర్తుంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది మీరు, అది ఇప్పటికీ అంటాను. కానీ పొద్దున్నలాగ మండట్లేదు."

 తలుపుని బలంగా తోస్తున్న మనిషికి అవతలివాళ్లు గడియ తీసేస్తే ఎలా ఉంటుందో నూకరాజుకు అలా ఉంది.

"నాన్న కనపడ్డారు కల్లో. అల్లుడుగారేరీ అని అడిగారు," అంది ఆమె. కళ్లు చెమర్చినా గొంతు పెరగలేదు. "ఆ రోజు మీరు ఎక్కడున్నారు?"

ఎందుకు రాలేదని ఈ ఐదు నెలల్లో ఆమె వెయ్యిసార్లు అడిగింది. అది అడగడం కాదు, దెప్పడం. ఈసారి నిజంగానే అడుగుతోందని అతనికి తెలిసింది. ఇక దాచలేకపోయాడు.

"ఆసుపత్రి గేటు దాకా వచ్చాను," అన్నాడు. "ఎదురుగా టీకొట్టు దగ్గర నుంచున్నాను. మా నాన్న పోయింది కూడా ఆ మేడ మీదే. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మెట్లు ఎక్కలేకపోయాను, సత్యా. రెండు జాములు అక్కడే నుంచున్నాను. పైన నీ ఏడుపు వినపడింది. అప్పుడు కూడా కాళ్లు కదల్లేదు. సిగ్గేసి అలకట్టకి వెళ్లిపోయాను."

 సత్యవేణి మంచం మీద పక్కకి జరిగి చోటిచ్చింది. అతను కూర్చున్నాడు. "రెండు జాములు ఒక్కళ్లే నుంచున్నారా?" అంది. అంతే, మొగుడూపెళ్లాలు ఇద్దరూ సిగ్గు లేకుండా ఏడ్చారు.

కథ ఇక్కడితో అయిపోవాలి నిజానికి. కానీ కళ్లు తుడుచుకుంటూ ఉండగానే నూకరాజు లోపల మళ్లీ మొదలైంది. ఈ మాట ఐదు నెలల కిందటే ఇంత మెత్తగా ఎందుకు అడగలేదు? దెప్పినప్పుడు ఇది తోచలేదా? నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూశాడు. ఆమె ఎక్కడో అవతలి ఒడ్డున కుదురుగా కూర్చుని ఉంది. తను ఇంకా ఈ ఒడ్డునే ఉన్నాడు. ఇలాగే ఇంటికి వెళితే భోజనం వేళకల్లా ఆమెను కూడా వెనక్కి లాగేస్తాడు. తన సంగతి తనకి తెలియనిది కాదు. భయం వేసి, లేచి ఫర్హానా దగ్గరికి వెళ్లాడు.

"నాది కూడా ఆపెయ్యమ్మా, కాసేపు."

ఫర్హానా అతని చెవి వెనక చూసింది. "మీది ఇంకా తొమ్మిదేళ్లు పనిచేసుద్దండి."

"పనిచేస్తోందనే ఆపమంటున్నాను."

"జబ్బు చేస్తే ఆపడానికి కాయితం ఉందండి, మరమ్మతుకి ఉంది. ఊరికే పడుకోడానికి కాయితం లేదు." ఆ పిల్ల అతన్నీ, వెనకే వచ్చిన సత్యవేణినీ మార్చి మార్చి చూసింది. పొద్దున తను విన్న కేకలు ఆ గదివే. ఇప్పుడక్కడ చప్పుడు లేదు. "తనిఖీ అని రాసేత్తాను. తనిఖీకి మూడు గంటలు ఆపొచ్చు," అంది.

సత్యవేణి తను లేచిన మంచం మీదే అతన్ని పడుకోబెట్టింది. ఒళ్లు బరువెక్కుతుంటే అతనికి ప్రాణం పోతున్నట్టే అనిపించి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"లేచాక నేను నేనేగా ఉంటాను?"

"కొంచెం తగ్గినా నాకు ఫర్వాలేదండి," అంది సత్యవేణి, పిల్లల్ని జోకొట్టినట్టు భుజం తడుతూ.

దానికి మంచి జవాబు ఒకటి తోచింది నూకరాజుకు. సగం కూర్చుకునేసరికి అది చేజారిపోయింది. వెతుక్కోలేదు.

మళ్లీ తెలివి వచ్చేసరికి మొదట వినపడింది సత్యవేణి గొంతు. గుమ్మం దగ్గర నిలబడి, మణికట్టు మీది పలకతో నెమ్మదిగా మాట్లాడుతోంది.

"రాలేదండి, నిజమే... ఆయ్, పడుకున్నారు... జబ్బేం లేదండి, కావాలనే... సంతకాలకి రేపు కూడా రామండి. ఇంక రాము."

వేరుపాటు కార్యాలయం గుమాస్తా అయ్యుంటాడు. అవతలివైపు అతను చాలాసేపు ఏదో చెప్పాడు. సత్యవేణి ఊకొడుతూ వింది.

"మీకూనా? అన్నదమ్ముల మధ్య పోట్లాటా? ఎన్నాళ్లయిందండి?... నాలుగేళ్లా! అయ్యో..." గొంతు ఇంకా తగ్గించింది. "రాసుకోండి. మార్కెట్టు వెనక వీధి, జాగరిక కేంద్రం. ఇద్దర్నీ రమ్మనండి. ఒకళ్లు పడుకుంటే సరిపోదండి."

"తనిఖీ అని చెప్పమనండి!" అని బయటి గదిలోంచి ఫర్హానా కేకేసింది.

నూకరాజు కదలకుండా విన్నాడు. పొద్దుటి మాటలు ఒక్కొక్కటే తలుచుకుని చూశాడు. అన్నీ ఉన్నాయి. దేనికీ జవాబు చెప్పాలనిపించలేదు. మనసంతా తేలికగా, హాయిగా ఉంది. అలసట తీరిపోయింది, అలకట్ట మీద పనివేళ కూడా కావస్తోంది. అయినా గోడవైపు తిరిగి, దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు.

"లేచారని నాకు తెలుసండి," అంది సత్యవేణి దగ్గరికి వచ్చి.

"ఇంకో ఐదు నిమిషాలు," అన్నాడు నూకరాజు కళ్లు మూసుకునే.

సత్యవేణి కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.